మా యింటి ఉప్పు లెక్క

మా యింట ఇప్పుడు ఆరుగురము: మామగారు, అత్తగారు, అన్నదమ్ములిద్దరు, తోడికోడండ్రము మేమిద్దరము. మా ప్రాంతమున తోడికోడండ్రను యారాండ్రందురు. పిల్లలు చదువులకై హైదరాబాదున నున్నారు. మాక్లూరునుండి నిజామాబాదు పట్టణము దగ్గరదే యైనను మాది వడ్లు, మక్కలు, పసుపు పండించుకొను సంసారము. మా వంటయు పల్లెవంటయే. ఈ నాలుగు మాటలు మేమిద్దరము కూర్చుండి వ్రాయుచున్నాము గనుక ‘మేము’ అనుట మర్యాదకొరకు గాదని సోదరీమణులు గ్రహింతురు గాక.

రెండేండ్ల క్రిందట చలికాలములో నొకనాడు తెల్లవారుజామున మామగారికి ఎదలో బరువు తోచెను. ఎడమచేయి లాగెను, ఒళ్ళంతయు చెమట పట్టెను. అజీర్ణమనుకొని వాముకషాయమిచ్చి అరగంట పోగొట్టితిమి. ఈ మాట సిగ్గుతో వ్రాయుచున్నాము. ఎవరింటనైన నిట్టి గుర్తులు కనబడినచో కషాయము కాచుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. మా యదృష్టము బాగుండెను. వైద్యులు గుండె రక్తనాళమొకటి మూసుకొనిపోయినదని కనుగొని స్టెంటు అమర్చిరి. వారము దినములకు మామగారు ఇల్లు చేరిరి. మందుల చీటి క్రింద నొక పంక్తి యుండెను: ఉప్పు, నూనె తగ్గించవలెను.

ఆ యొక్క పంక్తిని మేము రాజశాసనమువలె పాలించితిమి. తగ్గించుట యనగా మానుటయే యని తలచితిమి. వారికి వేరు గిన్నె, వేరు గరిటె. ఉడికిన సొరకాయ, నీళ్ళవంటి పప్పు, మెత్తని అన్నము. ఉప్పు లేదు, కారము లేదు, పులుపు లేదు, తాలింపు లేదు. కారమును పులుపును మానుమని ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. రోగి యనగానే చప్పిడి పెట్టుట మన యిండ్ల యాచారము గనుక పెట్టితిమి.

మూడవ దినమున మామగారు కంచము చూచి, “బిడ్డా, గిది తిండా, మందా?” అని యడిగిరి. నవ్వి యూరకుంటిమి. పది దినములలో వారు బాగుగ చిక్కిరి. పదునొకండవ దినమున మధ్యాహ్నము బర్రెల కొట్టములో గడ్డిమోపుపై కూర్చుండి, మోదుగాకులో అన్నము పెట్టుకొని, మామిడి తొక్కుతో తినుచు పట్టుబడిరి. అత్తగారు కేకలు వేసిరి. మామగారు కోపపడలేదు. “ఇంటిల్లిపాది ఒక్క కూర తింటున్నరు, నాకొక్కనికి వేరె గిన్నె. నేనేమన్న బయటోన్నా?” అని మెల్లగా ననిరి. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను.

ఆ వారమే గ్రామ ఆరోగ్య కార్యకర్త రక్తపుపోటు చూచుటకు వచ్చినది. మందుల వలన మామగారి పోటు అదుపులోనే యుండెను. ఆమె యంత్రము మడుచుచు, “అక్కా, మీ చేతులు గూడ పెట్టుండ్రి” అనెను. వేళాకోళమునకు పెట్టితిమి. మాలో పెద్దదానికి 156కి 98 చూపెను. వయస్సు నలువది నాలుగు. మెట్లెక్కి వచ్చుట చేత నట్లున్నదని నవ్వుకొంటిమి. పది దినములలో మూడు పర్యాయములు, నెమ్మదిగా కూర్చుండబెట్టి చూచినను లెక్క మారలేదు. వైద్యుడు మాత్ర వ్రాసెను.

ఆ రాత్రి మేమిద్దరము వంటయింట కూర్చుండి, పెద్దది దినమునకేమి తినుచున్నదో లెక్కించితిమి. అందరును తిన్న పిమ్మట మేము తినువారము. అప్పటికి కూరగిన్నెలో అడుగున నూనె, కారము మిగులును. ఒక్కొక్కనాడు అదియు మిగులదు. అన్నము, తొక్కు, ఉప్పు వేసిన మజ్జిగ: అదియే భోజనము. కూర యడుగంటినచో వంట బాగున్నదని పొంగిపోవుటను మన తల్లులు మనకు నేర్పిరి. మామగారి గుండెకై ఇంత హడావిడి చేసిన మేము, ఇంటిలో అందరికన్న నెక్కువ ఉప్పు తినుచున్నది వంట చేయు దానియే యని గమనింపనే లేదు.

మరునాడు ఉప్పు లెక్క పెట్టితిమి. మనిషికి దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది తలగొట్టిన చిన్న చెంచాడు. ఆరుగురికి నెలకు 900 గ్రాములు. మా యింటికి నెలకు రెండు కిలోల పొట్లములు వచ్చుచుండెను. ఏటేట తొక్కులకు పోయు కల్లుప్పు ఇందులో చేరలేదు. ఉప్పు ఎక్కువైన కొలది దేహము నీటిని నిలుపుకొనును. రక్తము పెరిగి నాళముల గోడలను నొక్కును. గుండె మరింత బలముగా త్రోయవలసి వచ్చును. ఎవరో సైంధవ లవణము వాడుమని చెప్పిరి గాని, గులాబిరంగున నున్నను ఉప్పు ఉప్పే.

వేరు గిన్నెను ఆనాడే అటకపై పెట్టితిమి. మామగారికేది మంచిదో అది మాకును మంచిదే యైనప్పుడు రెండు వంటలెందుకు? ఒకే కుండలో ఉప్పు కొంచెము కొంచెముగా తగ్గింపదలచితిమి. మొదటి పదిహేను దినములు పాతిక వంతు తగ్గించితిమి, ఎవరును కనిపెట్టలేదు. రెండవసారి తగ్గించినప్పుడు మా మరిది, “వదినె, ఇయాల ఉప్పు మర్చిన్రా?” అనెను. మర్చితిమని బొంకి, ఆనాటికి నిమ్మచెక్క ఇచ్చితిమి. మూడు నెలలకు రెండు పొట్లములు ఒకటియైనవి. నాలుక కొన్ని వారములలో అలవాటు పడునన్న మాట నిజమే.

ఇంతకును రుచి నిలిచినదెట్లన్నదే ముఖ్యము. మేము నేర్చుకొన్న మొదటి సంగతి: కంచములోని అన్నింటికిని ఉప్పు అక్కరలేదు. జొన్నరొట్టె పిండిలో మా పెద్దలు ఉప్పు వేయలేదు. వేడినీళ్ళతో పిండి కలిపి, చేతితో తట్టి, ఇనుప పెనముపై కాల్చి, పైన నీటి తడి రాచి, పొంగువరకు నిప్పు చూపినచో ఆ కాలిన వాసనయే సగము రుచి. దాని ప్రక్కన ఘాటైన దొక్కటి యున్న చాలును. నువ్వులు, ఎండుమిరప, వెల్లుల్లి, జీలకర్ర నూనె లేక వేయించి రోట దంచి, ఉప్పు చివర చిటికెడు చల్లుదుము. ముందుగా వేసిన యుప్పు కూరలో మునిగిపోవును. చివర చల్లినది నాలుకకు ముందు తగులును.

రెండవది పులుపు. పుంటికూర, చింతచిగురు, గంగవాయిలికూర తమ పులుపు తామే తెచ్చుకొనును. పుంటికూర పప్పునకు మునుపు వేసిన యుప్పులో సగము కూడ నిప్పుడు పట్టదు. పచ్చిపులుసు మామగారికి ప్రాణము. పచ్చిమిరపకాయలు నిప్పుపై కాల్చి, ఉల్లిముక్కలతో చేతితో నలిపి, పలుచని చింతపండు రసములో కలిపి, వేయించిన నువ్వులపొడి, కొత్తిమీర వేసితిమి. ఆనాడు వారు రెండవసారి అన్నమడిగిరి. నిమ్మరసముతో మాత్రమొకమారు భంగపడితిమి: ఉడుకుచున్న కూరలో పిండగా చేదైపోయెను. పొయ్యి దించిన పిమ్మటనే పిండవలెను.

నూనె విషయమున గరిటె మార్చితిమి, అంతే. డబ్బా వంచి పోయుట మాని చెంచాతో కొలిచితిమి. బెండకాయ, కాకరకాయ మూకుడులో నూనెలో తేలనక్కరలేదు. రెండు చెంచాలతో సన్నని సెగను మగ్గి, చివర వేగును. వంకాయను నిప్పుపై కాల్చి నలిపినచో నూనె మాటయే రాదు. చిక్కదనమునకు పల్లీల పొడి, నువ్వుల పొడి చాలును. గట్టి వనస్పతి మా యింట పెండ్లిండ్లకు వచ్చెడిది. అందలి చెడు కొవ్వు గుండెకు శత్రువు. 2022 నుండి నూనెలలోను కొవ్వులలోను అట్టి కొవ్వు నూటికి 2 పాళ్ళు మించరాదని దేశములో నియమము పెట్టిరి. మంచిదే; కాని పూరీలు కాల్చిన నూనెను మూడు దినములు మరల కాచువారిని ఏ నియమము పట్టుకొనును?

అనుములు, ఉలవలు, అలసందలు, పెసలు వారమునకొక వంతుగా వండుచున్నాము. వాటిలోని జిగురు పీచు రక్తములోని కొలెస్టరాలును కొంత తగ్గించును. యాటమాంసము మానలేదు, పదిహేను దినములకొకమారు, క్రొవ్వు తీసి, సొరకాయ ముక్కలు కలిపి వండుదుము. చేపను వేపుటకు బదులు చింతచిగురుతో పులుసు పెట్టుదుము. ఒక్క హెచ్చరిక: మూత్రపిండముల వ్యాధి యున్నవారు ఆకుకూరలు, పప్పులు పెంచుటకు ముందును, రక్తము గడ్డకట్టకుండుటకు వార్ఫరిన్ మ్రింగువారు ఆకుకూరల పరిమాణము మార్చుటకు ముందును వైద్యు నడుగవలెను.

జొన్న యనగా నొక మాట జ్ఞాపకము వచ్చుచున్నది. మంజీరపై నిజాంసాగరు కట్టుట 1923లో మొదలై 1931లో ముగిసినది. కాలువనీరు వచ్చినకొలది జిల్లాలో వరి పెరిగెను. మా అత్తగారి అత్తగారు రెండుపూటల జొన్నరొట్టెయే తిన్నారట. మాకు తెల్లన్నము లేనిచో భోజనమే కాదు. ఆర్మూరు వైపు ఎర్రజొన్నలు ఇప్పటికిని విస్తారముగా పండును. అవి పశుగ్రాసపు విత్తనములై ఉత్తరదేశమునకు పోవుచున్నవి. మా రొట్టెలకు జొన్నలు మేము అంగడిలో కొనుచున్నాము!

మాలో చిన్నదాని పుట్టినిల్లు బోధను. అక్కడి చక్కెర కర్మాగారము 1937లో పుట్టి 2015లో మూతపడినది. తేనీటిలో మూడు చెంచాల చక్కెర మాత్రము మూతపడలేదు. దానిని ఒకటికి దించుటకు ఉప్పుకన్న నెక్కువ పోరు పడితిమి. బెల్లము వేసికొన్న దోషము లేదని అత్తగారు వాదించిరి. చెరకు బిడ్డలలో నొకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు, గుణము దాదాపొకటే. పసుపు సంగతియు నిట్టిదే. పసుపు బోర్డు 2025లో నిజామాబాదునకే వచ్చినందుకు సంతోషించితిమి. కూరలో రంగునకు, వాసనకు నిత్యము వేయుదుము. కాని పసుపునీళ్ళు త్రాగి గుండెమాత్ర మానుదునన్న పొరుగాయనకు మా మామగారే బుద్ధి చెప్పి పంపిరి.

అన్నింటికన్న కష్టమైనది తొక్కు. నిలువ పచ్చడిలో ఉప్పు తగ్గించిన బూజు పట్టును. కావున ఉప్పు తగ్గించుట కాదు, తొక్కునే తగ్గింపవలెను. దాని స్థానమున దినమునకొక రోటిపచ్చడి: దోసకాయ, టమాట, బీరపొట్టు. ఇది పనియే, దినము పావుగంట దంచుట తప్పదు. ఆ పావుగంట మా మరిదికి అప్పగించితిమి. మొదట సిగ్గుపడెను, ఇప్పుడు రోలు తనదే యన్నట్లున్నాడు.

మరియొక మార్పు చేసితిమి. వడ్డనకు ముందే మా యిద్దరి కూర రెండు గిన్నెలలో తీసి మూతపెట్టుచున్నాము. అత్తగారికిది మొదట నచ్చలేదు. మగవారు తినకమునుపే దాచుకొనుట యేమని వారము దినములు మాటాడలేదు. ఒకనాడు కూర తక్కువైనది. మా గిన్నెల వైపు చేయి చాచి, మరల వెనుకకు తీసికొని, పెద్దకుమారునికి మజ్జిగ పోసిరి.

మామగారు ప్రొద్దున రెండు మైళ్ళు నడచుచున్నారు. పెద్దదాని పోటు 130కి 84కు దిగినది. మాత్ర మానలేదు, వైద్యుడు చెప్పువరకు మానము. ఈ వేసవిలో నాలుగు జాడీలకు బదులు ఒక్క జాడీ తొక్కు పెట్టితిమి. అత్తగారు తక్కిన మూడింటిని కడిగి, ఎండబెట్టి, ఒకదానిలో పెసలు, ఒకదానిలో ఉలవలు పోసిరి. మూడవది ఇంకను ఖాళీగానే యున్నది. అందులో తొక్కే పెట్టవలెనని మామగారును, అనుములు పోయవలెనని మేమును వాదించుకొనుచున్నాము.