విడిపించేవాళ్లు రాని ఊరు

రాయ్‌పూర్ టాటీబంధ్ చౌరస్తాలో హైదరాబాద్ బస్సు కోసం నిలబడితే, నా పక్కన నాలుగు కుటుంబాలు మూటాముల్లెతో కూర్చుని ఉన్నాయి. ఇటుకబట్టీలకట. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా తిరిగిరావడం ఉండదని చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకావిడ చెప్పింది. అప్పు పేరిట మనిషిని కట్టేసుకోకూడదని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చిందమ్మా అన్నాను. ఆవిడ పిల్లాడి ముక్కు తుడుస్తూ ఊరుకుంది.

హైదరాబాద్‌లో నేను వెళ్లింది మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ బస్తీ చూడటానికి. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం అది. బానిసలుగా అమ్ముడై సముద్రం దాటినవాళ్లు కొందరు, కొలువుకు కుదిరినవాళ్లు కొందరు. హైదరాబాద్ రాజ్యం పోయాక దళమూ పోయింది, బస్తీకి పేరు మిగిలింది.

ఒక ఇంటి అరుగు మీద మర్ఫా మేళం వాయించే పెద్దాయన స్టీలు బిందె బోర్లించి తుడుస్తున్నాడు. దెబ్బలు తిని తిని దాని అడుగంతా సొట్టలే. రెండు చెక్కలతో నాలుగు దెబ్బలు వేసి చూపించాడు. నా గుండెలో కొట్టినట్టే అయింది.

"మీ పెద్దలది ఏ ఊరు చాచా?"

"తెల్వది బేటా. ఆఫ్రికా అంటరు. గంత పెద్ద ఆఫ్రికాల ఏడ దేవులాడాలె?"

ఊరు తెలిస్తే కబురైనా పంపొచ్చు. పట్టుబడ్డవాణ్ణి సొమ్ము కట్టి విడిపించుకునే ఆచారం ఆఫ్రికాలో చాలాచోట్ల ఉండేది. కట్టే దిక్కు ఉండాలి, అదీ వేళకు అందాలి. 1730ల మొదట్లో గాంబియా నది దగ్గర అయూబా సులేమాన్ డియాల్లో అనే కలవారి బిడ్డ పట్టుబడి ఇంగ్లీషు ఓడకు అమ్ముడుపోయాడు. తండ్రికి కబురు పంపాడు. విడుదలకు తండ్రి పంపింది అందేసరికి ఓడ వెళ్లిపోయింది. అతను మేరీలాండ్ పొగాకు తోటల్లో తేలాడు. లండన్‌లో పెద్దమనుషులు చందాలు వేసుకుని విడిపిస్తే 1734లో గాంబియాకు తిరిగొచ్చాడు. ఇందులో నన్ను వదలని సంగతి వేరే ఉంది: కొడుకుకు బదులుగా తండ్రి పంపింది కూడా బానిసలనే. అసలు అయూబా నది ఒడ్డుకు వెళ్లిందే ఇద్దరు బానిసలను అమ్మడానికి. వాళ్ల కోసం ఎవరైనా కబురు పంపారో లేదో తెలియదు, వాళ్ల పేర్లూ తెలియవు.

టాటీబంధ్ కుటుంబాల సంగతి చెబితే చాచా చేతిలో చెక్కలు ఆగిపోయాయి. "ఆమెది ఏ ఊరో రాసుకున్నవా?"

రాసుకోలేదు. తిరిగి టాటీబంధ్‌లో దిగగానే చౌరస్తాలోని టీ బండి దగ్గరికి నడిచాను. మొన్న ఇక్కడ మూటలతో కూర్చున్నవాళ్లు ఎక్కడివాళ్లని అడిగాను. "మహాసముంద్ వైపువాళ్లేమో" అన్నాడు టీ బండతను. ఊరు పేరు అతనికీ తెలియదు.