తుపాకీ ఫారంలో ఒక ప్రశ్న

మిర్చి కోతల రోజుల్లో జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి ఎంత మాట్లాడుకుంటామో, అమెరికా గురించీ అంతే మాట్లాడుకుంటాం. పదో తరగతి పిల్లాడి కోసం వచ్చిన నాన్నగారు పెద్దమ్మాయి ఎమ్మెస్ కబుర్లు చెబుతారు. ఎడ్యుకేషన్ లోను, డాలరు రేటు, గది అద్దె, యార్డులో ఈసారి మిర్చి ధర, అన్నీ ఒకే మాటలో కలిసిపోతాయి. తుపాకీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కాల్పుల వార్త వచ్చిన వారం “మావాడు క్షేమమే టీచర్” అంటారు, అంతే. మావాడే ఒకటి కొనుక్కుంటాడేమో అన్న ఆలోచన ఎవరికీ రాదు.

రాకపోవడంలో వింత లేదు. మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ కావాలి, 21 ఏళ్లు నిండాలి, పోలీసు రిపోర్టు రావాలి. 2016 ఆయుధ నిబంధనలు ఇంకో కాగితం కూడా అడుగుతాయి. దరఖాస్తు పెట్టినవారు మత్తుపదార్థాలకు అలవాటుపడినవారు కాదని డాక్టరు రాసివ్వాలి. ఎన్నికలొస్తే లైసెన్స్ ఉన్న తుపాకులను కూడా స్టేషన్లో అప్పగించమంటారు. పల్నాడు వైపు వారికి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

కొలరాడోలో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు కిందటేడు ఫోన్లో, “అక్కా, వేట లైసెన్స్ తీసుకుంటే స్టూడెంట్ వీసా ఉన్నవాళ్లు కూడా గన్ కొనొచ్చంట” అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాక చదివి చూశాను. నిజమే. తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకీ వద్దంటుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఇస్తుంది. 2024 నవంబరులో జార్జియాలో ఒక తెలుగు విద్యార్థి తన సొంత వేట తుపాకీ పేలి చనిపోయాడన్న వార్త మీలో కొందరు చదివే ఉంటారు.

నన్ను ఎక్కువ ఆపింది కొనేటప్పుడు నింపే ఫారం, 4473 నంబరుది. ఇంగ్లిషు క్లాసులో ఫారాలు నింపడం నేర్పించేదాన్ని కదా, ప్రతి గడీ చదివాను. గంజాయిగానీ మరే నిషిద్ధ మత్తుమందుగానీ చట్టవిరుద్ధంగా వాడుతున్నారా అన్న ప్రశ్న ఉంది. డాక్టరు రాయక్కర్లేదు, కొనేవాడే అవునో కాదో టిక్కు పెట్టి సంతకం చేయాలి. కొలరాడోలో 2012 ఓటింగుతో గంజాయి చట్టబద్ధమైంది. షాపులో బిల్లిచ్చి అమ్ముతారు. కానీ రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం దృష్టిలో అది నేరమేనని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది. గంజాయి వాడేవారి దగ్గర తుపాకీ ఉండకూడదన్న నియమం 1968 నాటిది. ఇప్పుడు శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్లు. విదేశీ విద్యార్థికి వీసా ముప్పు అదనం.

ప్రెసిడెంటు కొడుకునే ఈ చట్టం వదల్లేదు. 2018లో రివాల్వరు కొన్నప్పుడు మత్తుమందుల సంగతి దాచాడని హంటర్ బైడెన్‌ను 2024 జూన్‌లో జ్యూరీ దోషిగా తేల్చింది. డిసెంబరులో తండ్రి క్షమాభిక్ష ఇచ్చాడు. మన పిల్లలకు అలాంటి నాన్న ఉండడు.

అసలు ఈ నియమం రాజ్యాంగం ఇచ్చిన తుపాకీ హక్కుకు విరుద్ధం కాదా అని అక్కడ పెద్ద వాదమే నడుస్తోంది. అప్పుడప్పుడు గంజాయి తాగేవాణ్ణి, ఆ క్షణాన మత్తులో లేకపోయినా నేరస్థుణ్ణి చేయొచ్చా అని కింది కోర్టులు ప్రశ్నించాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అలాంటి కేసునే విచారణకు తీసుకుంది. ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేననను. కానీ అది ఆ దేశపు పౌరులు తీరిగ్గా తేల్చుకోవాల్సిన వాదన. ఎకరం అమ్మి పంపిన పిల్లాడు అందులో ఉదాహరణ కాకూడదు. మత్తు, తుపాకీ ఒకే గదిలో ఉండకూడదన్న మన డాక్టరు కాగితమే నాకు నచ్చింది.

మా తమ్ముణ్ణి మర్నాడు సూటిగా అడిగాను, “నువ్వు కొన్నావా?” అని. లేదన్నాడు. “మీ రూములో?” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. “ఒకడికి రెండూ ఉన్నాయక్కా” అన్నాడు.

నెల తిరక్కుండా గది మారాడు. పిన్నికి మాత్రం అక్కడ అద్దె తక్కువని చెప్పాడు.