ముందు బ్యాటరీ, తర్వాతే ఇంజన్

చెన్నైలోని మీనంబాక్కంలో విమానాల మెయింటెనెన్స్ పనిలో చేరిన కొత్తలో చిన్న విమానమంటే నాకు సెస్నాయే. మాగ్నెటోలు, స్పార్క్ ప్లగ్గులు, మిక్స్చర్ లివరు. దానికి పోసే ఏవ్‌గ్యాస్ అప్పట్లో విదేశాల నుంచి రావాల్సి వచ్చేది. ఇండియన్ ఆయిల్ ఇక్కడ తయారుచేసి అమ్మడం 2022లో గానీ మొదలుకాలేదు. పక్కనే పెద్ద విమానాల కోసం జెట్ ఏ-1 బౌజర్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఆ ఇంధనంతోనే నడిచే డీజిల్ ఇంజన్ల డైమండ్ డీఏ-42 వచ్చిందంటే మాకు ఆసక్తి ఎందుకుండదు!

ఆ ఇంజన్ మూలం మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు. జర్మనీలోని థీలెర్ట్ కంపెనీ దాన్ని విమానానికి పనికొచ్చేలా మలిచింది. 1.7 లీటర్లు, 135 హార్స్ పవర్. క్రాంక్‌షాఫ్ట్ దాదాపు 3,900 ఆర్‌పీఎంతో తిరుగుతుంది, ప్రొపెల్లర్‌కు 2,300 చాలు. అందుకని మధ్యలో గేర్‌బాక్స్. డీజిల్ కొట్టే దెబ్బ బలమైంది, అదంతా క్లచ్చూ గేరు పళ్లూ కాచుకోవాలి. తొలి రకంలో 300 గంటలకోసారి గేర్‌బాక్స్ విప్పి ఫ్యాక్టరీకి పంపాల్సి వచ్చేది. ఇంధనంలో మిగిలిన డబ్బు కొంత అక్కడే కరిగిపోయేది. 2008లో థీలెర్ట్ దివాలా తీసింది. మరుసటి ఏడాది సర్టిఫికెట్ పొందిన ఆస్ట్రో ఏఈ-300 కూడా మెర్సిడెస్ సంతానమే, 168 హార్స్ పవర్.

అయినా కొత్త కుర్రాళ్లకు నేను మొదట చూపించేది గేర్‌బాక్స్ కాదు, బ్యాటరీ. మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, బ్యాటరీ చచ్చినా సెస్నా ఇంజన్ నడుస్తుంది. డీఏ-42లో ఇంజెక్టర్ తెరవమని చెప్పేది ఈసీయూ అనే కంప్యూటర్. దానికి కరెంటు అందకపోతే ట్యాంకు నిండుగా ఉన్నా ఇంజన్‌కు చుక్క పడదు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని రెండు ఈసీయూలు పెట్టారు. టేకాఫ్‌కు ముందు టెస్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే రెండు లైట్లూ వెలుగుతాయి, ఆర్‌పీఎం పెరిగి తగ్గుతుంది, అజమాయిషీ ఒకదాని నుంచి రెండోదానికి మారుతుంది. వోల్టేజీ పడిపోతే మాత్రం రెండూ కలిసే పడిపోతాయి.

2007లో జర్మనీలో అదే జరిగింది. బ్యాటరీ డౌన్ అయిన డీఏ-42ను బయటి కరెంటుతో స్టార్ట్ చేశారు. టేకాఫ్ అయ్యాక చక్రాలు పైకి మడిచేసరికి మోటారు లాగిన కరెంటుకు వోల్టేజీ కుంగి, రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగిపోయాయి.

గూడూరు నుంచి వచ్చిన ట్రైనీ ఒకరోజు, “సార్, బ్యాటరీ డౌనయింది. గ్రౌండ్ పవర్ పెట్టి లేపేద్దామా?” అన్నాడు. “లేస్తుంది నాయనా, పైకెళ్లాక ఎవరు పెడతారు గ్రౌండ్ పవర్?” అని ఈ సంగతంతా చెప్పాను. బ్యాటరీ మార్చేదాకా విమానం కదల్లేదు.

చెన్నైలో ఇంకో శత్రువు ఉప్పుగాలి. కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూస్తే ఒక్కోసారి పిన్ను మొదట్లో ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది, ఆవగింజలో సగం కూడా ఉండదు. ఇంజన్ అదిరినప్పుడల్లా కాంటాక్టు తెగి కలుస్తుంది. ఇంజన్ ఆపి హ్యాంగర్లో ఎంతసేపు పరీక్షించినా దొరకని తప్పు అది. అందుకే ప్రతి పిన్నునూ భూతద్దంతో చూసి, శుభ్రం చేసి బిగిస్తాం. లాగ్‌బుక్‌లో దానికి ఒక్క లైను, చేయడానికి సగం పూట. ఆ సగం పూట అడిగితే విమానాల వాళ్లు మొహం చిట్లిస్తారు. నేను మాత్రం తగ్గను.