ఎర్రబడని గొట్టం

మా బోటనీ డిపార్టుమెంటు వెనక గోడవారగా ఎర్రగన్నేరు విరగబూస్తుంది. ఫొటోలు దిగేవాళ్ళంతా ఆ గుబురు ముందరే నిలబడతారు. నేను మాత్రం ఆ ఆకులు కోసి, కడిగి, నీడన ఆరబెట్టి, పొడికొట్టి, ఆ రసం నా నెత్తురులోనే కలిపి చూశాను. మూడో యేడు ప్రాజెక్టు అది. అందం కోసం పెంచుకునే మొక్కల రసాలు మనిషి ఎర్రకణాలను ఏం చేస్తాయన్నది ప్రశ్న.

"రక్తం ఎవరిస్తారు?" అని మేడంగారు అడిగితే అందరూ నేలచూపులు చూశారు. చెయ్యి చాపింది నేనే. కోతల్లో కొడవలి తెగి పోయిన నెత్తురు ముందు అయిదు మిల్లీలీటర్లు ఏపాటి!

పని చూడబోతే వంటపని లాంటిదే. గడ్డకట్టకుండా రక్తంలో సిట్రేటు కలిపి, సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేలిన ప్లాస్మా తీసేసి, అడుగున దిగిన కణాలను నూటికి 0.9 పాళ్ళ ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడగాలి. తర్వాత ఆకురసం కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో గంటసేపు ఉంచి, మళ్ళీ తిప్పాలి. కణం చెక్కుచెదరకపోతే గొట్టం అడుగున ఎర్రని ముద్ద, పైన తేటనీరు. కణం పగిలితే లోపలి హిమోగ్లోబిన్ బయటపడి నీరంతా దానిమ్మరసంలా అవుతుంది. ఆ ఎరుపు ఎంతో కలోరిమీటరు 540 నానోమీటర్ల దగ్గర చెబుతుంది.

నాకు గన్నేరు మీద పాత కక్ష ఉంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న బావిగట్టు మీది గన్నేరు కొమ్మలు నరికి పక్కన పడేశారు. పచ్చి ఆకుకి పశువు మూతి పెట్టదు. ఎండాక గడ్డిలో కలిస్తే ఆ జాగ్రత్త ఉండదు. విషం మాత్రం ఎక్కడికీ పోదు. ఆ సాయంత్రం గట్టు మీది గడ్డి కోసి మోపు కట్టింది నేను. తెల్లారేసరికి గేదెదూడ లేదు. మిగిలిన గడ్డిలోంచి పశువుల డాక్టరుగారు ఎండుటాకులు ఏరి చూపించారు. ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే మొదటిరోజు గన్నేరు గొట్టం ఎర్రగా కనబడగానే గంతేసినంత పనిచేశాను. మేడంగారు నింపాదిగా, "ఉత్త డిస్టిల్డ్ వాటరు పోసి చూశావా?" అన్నారు. పోశాను. అన్నిటికన్నా ఎర్రబడిన గొట్టం అదే! ఉప్పులేని నీళ్ళలో కణం నీరు తాగి, ఉబ్బి, పగిలిపోతుంది. నేను ఆకుపొడి నానబెట్టింది ఆ నీళ్ళలోనే. నా కణాలను చంపింది గన్నేరో, నా తెలివితక్కువతనమో తెలిసే దారి లేదు.

మళ్ళీ మొదటికొచ్చాం. ఈసారి ఉప్పునీళ్ళలోనే నానబెట్టాం. పోల్చి చూడటానికి పక్కన కుంకుడురసం గొట్టం ఒకటి పెట్టాం. కుంకుడులోని సపోనిన్లు కణం పైపొరలోని కొలెస్టరాల్‌ను పట్టుకుని చిల్లులు పెడతాయి; ఆ గొట్టం చెప్పినట్టే ఎర్రబడింది. వారం వారం తలకి రుద్దుకునేది అదే మరి! గన్నేరు గొట్టం మాత్రం తేటగా ఉంది. ఆకు రంగు తీసేసి లెక్కేస్తే ఉత్త ఉప్పునీళ్ళకీ దానికీ తేడా లేదు. నోరెళ్ళబెట్టి, రికార్డులో ఇలా రాశాను: "ఎర్రగన్నేరు రసం మానవ రక్తానికి హానికరం కాదు."

ఆ రాత్రి ఫోనులో నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"మరి మన దూడ ఎందుకు పోయిందమ్మా?"

మర్నాడు లైబ్రరీలో కూర్చున్నాను. గన్నేరులోని ఓలియాండ్రిన్ కణాన్ని పగలగొట్టే రకం విషం కాదు. సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపలికి లాగే పంపు ఒకటి కణానికి ఉంటుంది. ఇది దాన్ని ఆపుతుంది. ఆ పంపు ఎర్రకణానికీ ఉంది. ఈ జాతి మందులు ఎర్రకణంలో ఆ పనిని ఆపేస్తాయని షాట్జ్‌మన్ అనే శాస్త్రవేత్త 1953లోనే చూపించాడు. అంటే నా గొట్టంలోనూ పంపులు ఆగే ఉండవచ్చు. అయితే అంతమాత్రాన గంటలో ఎర్రకణం పగిలిపోదు. గుండె సంగతి వేరు. అక్కడ పంపు ఆగితే కండరంలో కాల్షియం పేరుకుని కొట్టుకునే వరస తప్పుతుంది. దూడకి జరిగింది అదే. నేను కలోరిమీటరుని అడిగింది "కణం పగిలిందా?" అని. అది నిజమే చెప్పింది. అడగని ప్రశ్నకి జవాబు రాసుకున్నది నేను.

రికార్డులో ఆ వాక్యం కొట్టేసి, "మేము వాడిన మోతాదులో, 37 డిగ్రీల దగ్గర, ఒక గంటలో, ఎర్రగన్నేరు ఆకురసం కడిగిన ఎర్రకణాలను పగలగొట్టలేదు, దీన్నిబట్టి ఆ మొక్క విషం కాదని చెప్పరాదు" అని రాశాను. మేడంగారు కొట్టివేత పక్కన చిన్న సంతకం పెట్టారు.

శనివారం ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి చదివి వినిపించాను.

"ఇంత పొడుగెందుకమ్మా?" అన్నారు, గడ్డిమోపు విప్పి చేత్తో కెలికి చూస్తూ.