అంకె బాగానే ఉంది

ఆసుపత్రిలో చేరడానికి ముందు కొన్ని నెలలు నన్ను మెచ్చుకోని మనిషి లేరు. స్టాఫ్‌రూమ్‌లో "ఏం తగ్గారు మేడం, ఆ చిట్కా ఏదో మాకూ చెప్పండి" అనేవారు. పాలుపోసే ఆవిడ గేటు దగ్గర ఆగి "ఎంత బాగ సిక్కినావమ్మా" అంది. పెళ్లయినప్పటి నుంచీ నన్ను మెచ్చుకుంటూ ఒక్క మాట అనని మా అత్తగారు కూడా "ఇప్పుడు కాస్త కుదురుగా ఉన్నావు" అన్నారు. అప్పటికి నా జుట్టు గుప్పెళ్లతో రాలుతోంది. మధ్యాహ్నం పీరియడ్లలో బల్ల అంచు పట్టుకోకపోతే నిలబడలేకపోతున్నాను. నెలసరి ఒకసారి అస్సలు రాదు, వస్తే పది రోజులు ఆగదు. ఇవేవీ ఎవరూ అడగలేదు. తూకం మిషను మీద అంకె బాగానే ఉంది కదా.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నలభై దాటాయి. చిన్నప్పటి నుంచీ నాది పెద్ద ఒళ్లే. అమ్మ "ఎముక పుష్టి" అని వెనకేసుకొచ్చేది. మిగతావాళ్లు పెట్టిన పేర్లు ఇక్కడ రాయను.

మొదట నేను డాక్టరు దగ్గరికి వెళ్లింది సన్నబడటానికి కాదు, ఆయాసం వల్ల. పైఅంతస్తు తరగతికి వెళ్లేసరికి గుండె దడదడలాడేది, హాజరు పిలవడానికి గొంతు వచ్చేది కాదు. ఆయన నేను కుర్చీలో కూర్చోకముందే "ముందు బరువు తగ్గాలమ్మా" అన్నారు. స్టెతస్కోపు మెడలోనే ఉండిపోయింది. నర్సు బీపీ చూడబోతే పట్టీ నా జబ్బ చుట్టూ తిరగలేదు. అంటించిన చోటల్లా చిరచిరమని ఊడొచ్చింది. చివరికి చేత్తో అదిమిపట్టి గాలి కొట్టింది, నవ్వింది కూడా. నూట యాభై దాటిందన్నారు. మాత్ర రాశారు. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని, పెద్ద చేతులకి పెద్ద పట్టీలు వేరే ఉంటాయని నాకు అప్పుడు తెలీదు. నర్సుకి తెలుసో లేదో.

రక్తస్రావం సంగతి చెబుదామని ఇంకో ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆడమనిషి కదా, వింటుందనుకున్నాను. "ఒళ్లు తగ్గితే అదే సర్దుకుంటుంది. లేకపోతే గర్భసంచి తీయించేసుకోండి, పిల్లలు ఉన్నారుగా, గొడవ వదిలిపోద్ది" అన్నారావిడ. పన్ను పీకించుకోమన్నంత తేలిగ్గా అన్నారు. మా అమ్మకి ముప్పై నాలుగేళ్లకే గర్భసంచి తీసేశారు. ఎందుకు తీశారో అమ్మకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. మా వీధిలో ఆ వయసువాళ్లలో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది మందికి పైనే తేలారు. మన రాష్ట్రం అందరికన్నా ముందున్న పట్టికల్లో అదొకటి.

గర్భసంచి తీయించుకోవడం ఇష్టం లేదు. ఇక మిగిలింది బరువు తగ్గడమే. టౌన్లో ఒక స్లిమ్మింగ్ సెంటరులో డబ్బు కట్టి చేరాను. పొద్దున ఒక పొడి నీళ్లలో కలిపి తాగాలి. మధ్యాహ్నం ఒక పుల్కా, ఉడకబెట్టిన సొరకాయ. రాత్రి మళ్లీ పొడి. నూనె చుక్క పడకూడదు, పప్పు వద్దు, అన్నం ఊసే లేదు. ఇదంతా కలిపినా రోజుకి ఆరువందల కేలరీలు దాటవని తర్వాత నేనే లెక్కేసుకున్నాను. ప్రతి వారం అందరి ముందూ తూకం. తగ్గితే చప్పట్లు కొట్టేవారు. తగ్గకపోతే "నిజం చెప్పండి మేడం, దొంగతనంగా ఏం తిన్నారు?" అని అడిగేవారు. బ్యాంకు ఉద్యోగి ఒకావిడ, మనవరాలున్న మనిషి, ఆ ప్రశ్నకి ఏడవడం చూశాను.

నేను ఏడవలేదు. ఎందుకంటే నేను బాగా తగ్గాను. కొన్ని వారాలు రెండేసి కిలోలు, ఒక వారం మూడు. ఆకలి మొదటి నెలలోనే చచ్చిపోయింది. మెట్లెక్కితే ఆయాసం మాత్రం అలాగే ఉంది, నిజానికి పెరిగింది. ఆ మాట చెబితే అక్కడి అమ్మాయి "ఇంకా తగ్గాలి కదా మేడం, అందుకే" అంది. ఆ వాదనకి ఏ జవాబూ అంటదు. బరువు తగ్గితే పోతుందంటారు, తగ్గాక పోకపోతే ఇంకా తగ్గమంటారు. క్లాసులో ఏ పిల్లాడైనా ఇలాంటి రుజువు రాస్తే సున్నా వేస్తాను.

రాజాంలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. చాలా రోజుల తర్వాత అందరితోపాటు పంక్తిలో కూర్చుని మామూలుగా తిన్నాను. పులిహోర, నేతి బూరెలు, వంకాయ కూర. అందరూ నా చీర కట్టు మెచ్చుకుంటున్నారు. సాయంత్రం కుడి పక్కటెముకల కింద పట్టేసింది. గంట గడిచేసరికి ఆ నొప్పి పొట్ట పైభాగమంతా పాకి వెన్నులోకి దూసుకుపోయింది. కూర్చుంటే నొప్పి, పడుకుంటే ఇంకా నొప్పి. ముందుకి వంగి మోకాళ్లు పట్టుకుంటేనే ఊపిరి అందేది. పసరు వాంతులు. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి గ్యాసని సూది వేశాడు. అర్ధరాత్రికి కళ్లలో తెల్లగుడ్డు పచ్చగా ఉందని మా పెద్దమ్మ కనిపెట్టింది. "గ్యాసు గాదిది, పచ్చకామెర్లు. ముందు బండెక్కించండి" అని అరిచింది. నేను బతికున్నానంటే ముందు చెప్పుకోవాల్సింది ఆవిడ పేరే.

విశాఖపట్నం వెళ్లేసరికి తెల్లవారింది. దారి పొడుగునా మావారి చెయ్యి గీరేశానట, నాకు గుర్తులేదు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి, అందులో ఒకటి జారి నాళంలో ఇరుక్కుంది, దాంతో క్లోమం వాచిపోయింది. ప్యాంక్రియాటైటిస్ అన్నారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు రిపోర్టు చూసి, నన్ను చూసి, "లావుగా ఉన్నవాళ్లకి ఇది మామూలే, నూనె వంటలు తగ్గించాలి" అన్నాడు. నేను నెలల తరబడి నూనె చుక్క ముట్టని మనిషిని. చెబుదామంటే నోరు పెగల్లేదు.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పలేను. నోట్లోకి ఏమీ పోకూడదన్నారు, మంచినీళ్లు కూడా. సెలైన్ మీద ఉంచారు. పెదవులు పగిలి రక్తం వచ్చేది, తడి దూదితో అద్దేవారు. నొప్పికి సూది వేసిన గంట బాగుండేది, తర్వాత గడియారం చూస్తూ పడుకోవడమే. పక్క మంచం ఆవిడ ఒక తెల్లవారుజామున పోయింది. ఆవిడకీ క్లోమమే. తెర లాగారు గానీ మాటలన్నీ వినిపించాయి. ఆ మధ్యలోనే ఒక బంధువు చూడటానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, "ఎలాగైతేనేం, బాగా తగ్గింది" అన్నాడు. కోపం రావడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి.

వార్డుకి పెద్ద డాక్టరు ఒకావిడ వచ్చేవారు. ఆవిడ మంచం మీదే ఓ పక్కన కూర్చుని "ఈ మధ్య బరువు తగ్గారా? ఎన్నాళ్లలో?" అని అడిగారు. తగ్గింది ఎంత అని కాదు, ఎంత వేగంగా అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. పొడుల సంగతి చెప్పాను. ఆవిడ కేసు షీటు వెనక బొమ్మ గీశారు. కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తాశయంలో చేరుతుంది. కాస్త నూనో నెయ్యో ఉన్న తిండి తిన్నప్పుడు పిత్తాశయం ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి వదులుతుంది. ఒంట్లో కొవ్వు గబగబా కరిగితే ఆ రసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువగా వచ్చి పడుతుంది. తిండిలో నూనే లేకపోతే పిత్తాశయం ముడుచుకోదు, రసం నిలవుండిపోతుంది, పేరుకుని రాళ్లవుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లలో ఈ ప్రమాదం పెరుగుతుందన్నారు. లావు వల్ల కూడా రాళ్లు వస్తాయి, అదీ దాచలేదావిడ. కానీ నా కేసులో ముందు అనుమానించాల్సింది పొడులనేనని షీటు మీద రాశారు.

నోట్లోంచి గొట్టం దింపి నాళంలో రాయి తీశారు. ఇక పిత్తాశయం తీసెయ్యాలి. ఆపరేషనుకి ముందు పరీక్షల్లో హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది. ఆడవాళ్లకి పన్నెండు ఉండాలి. అయితే ఇన్నాళ్లూ నా ఆయాసం అదే! ఒంట్లో రక్తం లేక. నెలనెలా పోయింది పోగా, పొడులతో తిరిగి పట్టలేదు. తొలి డాక్టరు నా కింది కనురెప్ప లాగి చూసినా అనుమానం వచ్చేది. లావుపాటి మనిషికి రక్తం తక్కువేమిటి అనుకుని ఉంటారు. 2019-21 సర్వే చూడండి, ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత, మూడోవంతుకి పైగా అధిక బరువు. ఈ రెండూ వేరువేరు ఆడవాళ్లవి కానక్కర్లేదు. కొందరు నాలాగా రెండు వరసల్లోనూ ఉంటారు.

రెండు సంచుల రక్తం ఎక్కించి ఆపరేషను చేశారు. తర్వాత ఐరన్ సూదులు. స్కానింగులో గర్భసంచిలో చిన్న గడ్డ కనిపించింది, మందులతో నెలసరి దారికొచ్చింది. గర్భసంచి నా దగ్గరే ఉంది. పెద్ద పట్టీతో బీపీ రెండు మూడుసార్లు చూసి, మామూలుగానే ఉందని, ఆ మాత్ర ఆపించారు.

ఇంట్లో మంచం మీద ఉన్న రోజుల్లో రిటైరైన మా తెలుగు టీచరుగారు 'సవాలక్ష సందేహాలు' తెచ్చిచ్చారు. హైదరాబాదులో ఆడవాళ్లు కొందరు తెలుగులో తెచ్చిన ఆడవాళ్ల ఆరోగ్య పుస్తకం అది. ఇలాగే అమెరికాలో బోస్టన్ ఆడవాళ్లు కొందరు 1970ల్లో తమ ఒంటి సంగతులు తామే రాసుకుని పుస్తకం వేసుకున్నారని అప్పుడే విన్నాను. పాత పుస్తకం, మందుల పేర్లు మారి ఉంటాయి. నాకు అందులో నచ్చింది వేరు. డాక్టరు దగ్గర ఏమడగాలో, ఏది ఒప్పుకోనక్కర్లేదో మామూలు మాటల్లో చెప్పడం.

బీఎంఐ సంగతి కూడా అప్పుడే చదివాను. బరువుని ఎత్తు వర్గంతో భాగించే ఆ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకశాస్త్రవేత్త కెట్లే కట్టింది. ఆయన డాక్టరు కాదు, జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూద్దామనుకున్నాడు. 1972లో అమెరికాలో యాన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. సగటు అంటే ఏమిటో నేను ఏడో తరగతికే చెబుతాను. తరగతి సగటు 52 అయితే ఫలానా పిల్లకి 52 వచ్చిందని కాదు. అలాగని ఆ లెక్క పనికిరాదనను. మనవాళ్లకి పొట్ట దగ్గర కొవ్వు పట్టి తక్కువ బరువుకే సుగరు వస్తుందని, మన దేశంలో 23 దాటగానే అధిక బరువు కింద లెక్కేస్తున్నారు. నాకూ సుగరు అంచు మీద ఉంది, ఏటా చూపించుకుంటున్నాను. లావే ఆరోగ్యమని నేనెప్పుడూ అనలేదు. రోగి గుమ్మంలో అడుగుపెట్టగానే పరీక్ష అయిపోయినట్టు మాట్లాడొద్దంటున్నాను, అంతే.

మాది ఆమదాలవలస వైపు. 2000 సెప్టెంబరులో మా పక్కనున్న వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మా వీధిలో ఎవరిని కదిపినా ఎంత ఎత్తిందనే చెప్పుకునేవారు. అది గుర్తుండబట్టేనేమో, కుట్లు మానాక మా పీఈటీ మేడం "సాయంత్రం ఆడపిల్లల ప్రాక్టీసుకి రండి" అంటే కాదనలేదు. మొదట ఉత్త కర్రే. తర్వాత ఉత్త బార్. నడుము ఎలా నిలపాలో, ఊపిరి ఎక్కడ బిగపట్టాలో తొమ్మిదో తరగతి పిల్లలు నాకు నేర్పారు. "మేడం, మోకాళ్లు బయటికి" అని వాళ్లు అరుస్తుంటే నాకు సరదాగా ఉండేది. అక్కడ తూకం మిషను లేదు. పోయిన వారం కంటే ఎంత ఎక్కువ ఎత్తానన్నదే రాసుకుంటాం. ఇప్పుడు అన్నం, పప్పు, గుడ్డు, తోటకూర అన్నీ తింటున్నాను. ఆ పొడుల కాలం కంటే బరువు పెరిగాను. హిమోగ్లోబిన్ 12 దాటింది. పైఅంతస్తుకి వెళ్లి ఆగకుండా హాజరు పిలుస్తున్నాను.

చిరాకు ఒకటి మిగిలింది. ఆ సెంటరు వాళ్లు చేరినప్పుడొక ఫొటో, తగ్గాకొక ఫొటో తీశారు. రెండోది రాజాం పెళ్లికి ముందటిది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. తీసేయమని వెళ్లాను. చేరేటప్పుడు సంతకం పెట్టారు కదా మేడం అన్నారు. లాయరు నోటీసు పంపాను, ఇంకా జవాబు లేదు.

ఆ ఫ్లెక్సీ చూసి గుర్తుపట్టి పోయిన వారం ఒకావిడ మా స్కూలు గేటు దగ్గర కాపు కాసింది. మా విద్యార్థిని తల్లే. సెంటరులో ఎంత కట్టాలి, నిజంగా తగ్గుతారా అని అడిగింది. నీకు ఏం ఇబ్బందమ్మా అన్నాను. "మెట్లెక్కితే ఆయాసం మేడం. డాక్టరు ఒళ్లు తగ్గమన్నాడు" అంది. కింది రెప్ప లాగి చూపించమన్నాను. తెల్లగా పాలిపోయి ఉంది. రేపు పొద్దున స్కూలుకి ముందు మనిద్దరం ల్యాబుకి పోదామన్నాను. "పరగడుపునే రావాలా మేడం?" అని అడిగింది. ఈ పరీక్షకి అక్కర్లేదు, కడుపునిండా టిఫిన్ తినే రమ్మన్నాను.