కమ్మరి లేని దేశం



మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో సౌలు తొందరపడి బలి అర్పించడం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అదే అధ్యాయం చివరి భాగాన్ని మాత్రం చదివి దాటేస్తాం. 19వ వచనం నుండి చూడండి. ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి కూడా లేడు. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేసుకుంటారేమోనని ఫిలిష్తీయులు ఆ పనే వాళ్ల మధ్య లేకుండా చూశారు. గొడ్డలికి పదును పెట్టించుకోవాలన్నా శత్రువు ఊరికే పోవాలి. యుద్ధం వచ్చిన రోజున సౌలుకు, యోనాతానుకు తప్ప ఎవరి చేతిలోనూ కత్తి లేదు.

మన బాన్సువాడ చుట్టుపక్కల తండాలకు ప్రార్థన కూటాలకు పోయినప్పుడల్లా నాకు ఈ మాటలు గుర్తుకొస్తాయి. తండాలో ట్రాక్టర్లు ఉన్నాయి, బోరు మోటార్లు ఉన్నాయి, ఇంటికొక బండి ఉంది. మోటారు కాలిపోతే మాత్రం దాన్ని ఆటోలో వేసుకొని బాన్సువాడ రావాలి. జాకెట్టు కుట్టించుకోవాలన్నా బజారుకే రావాలి. కొనే చేతులు తండావి, బాగుచేసే చేతులు వేరేవాళ్లవి.

పని రానివాళ్లని ఎవరూ అనుకోవద్దు. ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దక్కను అంతా తిరిగిన జనం వీళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. అద్దాలు కుట్టిన కాంచళి, ఫేటియా వేసుకున్న అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. మనవరాళ్లకు ఆ కుట్టు రాదు. నిర్గమకాండము 38:23లో అహోలీయాబు రంగు నూళ్లతో బుటాపని చేసేవాడని ఉంది. అంతకు ముందే 35:34లో దేవుడు అతనికీ బెసలేలుకూ పని చేసే నేర్పుతోపాటు ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా ఇచ్చాడని ఉంది. ఆ రెండోది లేకపోతే మొదటిది ఒక తరంతో ముగిసిపోతుంది.

మొన్న ఒక తండాలో ప్రార్థన అయ్యాక ఒక తల్లి నన్ను ఆపింది. "అయ్యగారూ, పోరడు పది పాసైండు. ఇగ దుబాయ్ పోతానంటుండు. చేతిల పనుంటె నేనే పొమ్మంటుంటి. ఉట్టి చేతులతోటి పోతె రాళ్లు మోపిస్తరు" అంది. గల్ఫ్ సంగతి మన ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర లేదు. ఒకే ఊరి నుండి పోయిన ఇద్దరిలో వెల్డింగ్ వచ్చినవాడి జీతం వేరు, లేబర్ వీసా మీద పోయినవాడి జీతం వేరు.

అందుకే సంఘం నడిపే మన చిన్న బడిలో కుట్టుపని, మోటారు వైండింగ్ నేర్పించి, పిల్లలు చేసినవి అమ్మాలన్న ప్రతిపాదన కమిటీ ముందుకు వచ్చింది. నాకు సంతోషమే. కానీ మొదటి సమావేశంలోనే ఒక పెద్దాయన, మంచి మనసుతోనే, "వచ్చిన డబ్బుతో బడి రేకులు తీసేసి స్లాబు వేయొచ్చు" అన్నారు. అక్కడ నాకు గుండె ఆగినట్టయింది. ఎందుకో చెప్తాను.

మిషన్ బడులకు ఇది కొత్త కాదు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో చర్చ్ మిషనరీ సొసైటీ వారు 19వ శతాబ్దంలోనే కోయల మధ్య పనిచేశారు. జాన్ కెయిన్ అనే మిషనరీ ఏళ్ల తరబడి అక్కడే ఉండి కోయల భాష గురించి, ఆచారాల గురించి రాశారు. ఆ మిషన్‌లో ఆడపిల్లలకు లేసు అల్లిక నేర్పారు. దిగువన నర్సాపురంలోనూ మిషనరీలే ఆ పని మొదలుపెట్టారు. దారం వాళ్లే ఇచ్చి, అల్లిన లేసును విదేశాల్లోని విశ్వాసులకు అమ్మి, డబ్బు స్త్రీలకు చేర్చేవారు. తర్వాత ఆ వ్యాపారం ఎగుమతిదారుల చేతికి పోయింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం వచ్చి ఈ స్త్రీల గురించి ఒక పుస్తకం రాసింది. అది 1982లో అచ్చయింది. ఆమె చూసింది ఏమిటంటే, రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలను ఎవరూ పనివాళ్లుగా లెక్కపెట్టడం లేదు. ఇంట్లో ఊరికే కూర్చొని తీరిక వేళ అల్లుకుంటున్నారన్నారు, కూలి కూడా అలాగే ఇచ్చారు. లాభం వ్యాపారులకు పోయింది. చేతిపని నిలిచింది, నేర్చుకున్నవాళ్ల పేదరికమూ నిలిచింది. పని నేర్పినవారు చెడ్డవారు కారు. లెక్క ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చలేదు, అంతే.

1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారానే చదువు ఉండాలని, ఆ సరుకు అమ్మిన డబ్బుతో బడి ఖర్చు వెళ్లాలని అన్నారు. దాని వివరాలు తయారుచేసిన కమిటీకి అధ్యక్షుడు జాకీర్ హుస్సేన్, హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఆదాయం మీద ధ్యాస పెరిగితే చదువు వెనక్కి పోతుందని ఆ కమిటీ నివేదికే హెచ్చరించింది. స్లాబు ఖర్చు పిల్లల సూది మీద పెడితే జరిగేది అదే. ఆర్డరు తొందరగా ఉందంటే లెక్కల క్లాసు పోతుంది.

కోసిన వారికి ఇవ్వకుండా పట్టుకున్న కూలి మొర పెడుతుందని యాకోబు 5:4లో ఉంది. అది ధనవంతులకు రాసిన మాట అని మనం తప్పుకోకూడదు. సంఘం కూడా యజమాని కావచ్చు.

కాబట్టి నా మనవి ఇది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు నేర్చుకోవాలే గాని అమ్మకానికి పని చేయకూడదు, చట్టం కూడా వాళ్లను పనిలో పెట్టుకోవద్దంటుంది. ఆపై వయసు పిల్లలు చేసిన సరుకు అమ్మితే గుడ్డ, దారం, కరెంటు, మాస్టరు జీతం తీసేసి మిగిలింది ఆ పిల్లల పేరున పోస్టాఫీసు పుస్తకంలో పడాలి. పదేళ్లు నిండిన పిల్లలు ఆ ఖాతా తామే నడుపుకోవచ్చు. పాసు పుస్తకం నా బీరువాలో కాదు, వాళ్ల సంచిలో ఉండాలి. స్లాబు సంగతి కానుకలతో చూద్దాం, ఆలస్యమైతే కానివ్వండి.

ఇంకొకటి, కొనేవాళ్లు ఎవరో ముందు తేలాలి. ఉట్నూరులో ఆదివాసీ స్త్రీల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తుంది. అవి ఆశ్రమ పాఠశాలల పిల్లలకు వెళ్తాయి. తినే పిల్లలు ముందే ఉన్నారు కనుక ఆ పొయ్యి వెలుగుతోంది. మనం ముందు పది మిషన్లు కొని, తర్వాత ఆర్డర్లకోసం తిరిగితే మిషన్ల మీద గుడ్డ కప్పి పెట్టుకోవలసి వస్తుంది. ఈ లోపల చుట్టుపక్కల బడుల యూనిఫాంలు ఎవరు కుడుతున్నారో కనుక్కోండి. అది మహిళా సంఘాల అక్కల నోటి ముందు కూడు అయితే మనం దాని జోలికి పోవద్దు. మోటారు వైండింగ్‌కు మాత్రం యాసంగి ఉన్నంతకాలం గిరాకీ తగ్గదని నా నమ్మకం.

కుట్టు నేర్పడానికి బజారు టైలరు మాస్టరుతోపాటు తండా నుండి ఒక అవ్వను కూడా పిలుద్దాం, అద్దాల పని నేర్పడానికి. ఇద్దరికీ ఒకే జీతం. దీని మీద కమిటీలో వాదన వస్తుందని నాకు తెలుసు, రానివ్వండి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కూర్చుంటాం. తండాల నుండి వచ్చే తల్లులు ఆటో పోతుందని ముందే లేచి వెళ్లవద్దు. తిరిగి దింపే పని యువజనులు ఒప్పుకున్నారు. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. డబ్బు గురించి వాళ్లు ఏమంటారో మొదట వాళ్లనే అడుగుతాను.