అమ్మ ఓటు ఎవరికేసిందో 16 ఏళ్ళకి తెలిసింది

ముందే చెప్పేస్తున్నాను, మాది తెలుగుదేశం ఇల్లు. టెక్కలిలో మా నాన్న కిరాణా కొట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే రామారావు గారి పటం ఉంటుంది. రెండిటికీ కలిపి ఒకటే అగరొత్తి. కాబట్టి నేను రాసేదాంట్లో పచ్చరంగు కనిపిస్తే కళ్ళు నలుపుకోకండి, అది నిజంగా ఉన్నదే. నిష్పక్షపాతం కావాలనుకునేవాళ్ళు టీవీ పెట్టుకోవచ్చు (దొరికితే నాక్కూడా చెప్పండి).

ఇక విషయానికొస్తే, 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది కదా. నేను అద్దెకుండేది యూసఫ్‌గూడలో. నియోజకవర్గం పేరే జూబ్లీహిల్స్ గానీ మా సందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కెళ్ళాల్సిందే. నా ఓటు ఇప్పటికీ టెక్కలిలోనే ఉంది. అందుకని ప్రచారమంతా బాల్కనీలోంచి సినిమా చూసినట్టు చూశాను. జూన్‌లో చనిపోయిన ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ గారి భార్య సునీత గారిని బీఆర్ఎస్ నిలబెట్టింది. కాంగ్రెస్ నుంచి నవీన్ యాదవ్, బీజేపీ నుంచి దీపక్ రెడ్డి. పోలింగ్ ఇంకో పదకొండు రోజులుందనగా అజారుద్దీన్ గారు మంత్రైపోయారు. ఉప ఎన్నిక మహిమ అలాంటిది! మా పార్టీ పోటీలోనే లేదు. గోపీనాథ్ గారు 2014లో అక్కడ మొదటిసారి గెలిచింది మాత్రం సైకిల్ మీదే, తర్వాత కారెక్కారు. ఆ చరిత్ర నెమరేసుకోవడం తప్ప మాకు మిగిలిందేం లేదు.

సరిగ్గా అప్పుడే అమ్మ కళ్ళు చూపించుకోడానికి హైదరాబాద్ వచ్చి నా దగ్గరుంది. ఓ రాత్రి టీవీలో సునీత గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను మొదలెట్టాను. "సానుభూతి ఓటంత దండగమారి ఓటు ఇంకోటి లేదు. పరామర్శకి వెళ్ళాలంటే అరటిపళ్ళు పట్టుకెళ్ళాలి గానీ అసెంబ్లీ సీటిస్తారా? 2009లో మన టెక్కలిని ముంచింది ఇదే కదా..." అని ఓ పది నిమిషాలు దంచాను.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా, తలెత్తకుండా అంది. "ఆ ఓటు నేనూ ఏసినాన్రా."

"ఏటీ?"

"2009ల. ఆ భారతమ్మకే ఏసినాను. మీ నాన్నకి తెల్దు. చెప్పకు."

పదహారేళ్ళుగా మా ఇంట్లో కోవర్టు ఉందన్నమాట!

మా ఊరి సంగతి తెలియని వాళ్ళకి కొంచెం వెనక్కెళ్ళి చెప్పాలి. 2009 సాధారణ ఎన్నికల్లో టెక్కలిలో కాంగ్రెస్ అభ్యర్థి కొర్ల రేవతీపతి గారు గెలిచారు. ఓడింది మా అచ్చెన్నాయుడు గారు. అంతకుముందు ఆయన హరిశ్చంద్రపురం ఎమ్మెల్యే. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ సీటే మాయమైపోతే టెక్కలికి వచ్చారు. రేవతీపతి గారు గెలిచిన కొద్ది రోజులకే చనిపోయారు. సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లోగా ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. అలా ఆ ఏడాదే మళ్ళీ ఎన్నికొచ్చింది. కాంగ్రెస్ ఆయన భార్య భారతి గారికి టికెట్టిచ్చింది. మా వైపు మళ్ళీ అచ్చెన్నాయుడు గారే. భారతి గారు గెలిచారు.

నేనప్పుడు ఆరో క్లాసు. నాకది ఎన్నిక కాదు, జాతర. అంతకుముందు సినిమా పోస్టర్లలో కూడా చూడనన్ని కార్లు మా కొట్టు ముందు నుంచి వెళ్ళాయి. కొట్లో సోడాలు, సిగరెట్లు మధ్యాహ్నానికే అయిపోయేవి. ఎన్నాళ్ళనుంచో గోతులుపడి ఉన్న మా సందులో కంకర పోశారు. తారు మాత్రం పోయలేదు, పోలింగ్ అయిపోయింది కదా! ఫలితం వచ్చిన రోజు నాన్న కొట్టు సగం షట్టర్ దించేసి కూర్చున్నారు. "పనిచేసేవోడ్ని ఒదిలేసి ఏడుపుకి ఓటేసినారు జనం" అన్నారు. నేను నేర్చుకున్న మొదటి రాజకీయ విశ్లేషణ అదే. పదహారేళ్ళు దాన్నే కాపీ-పేస్ట్ చేస్తూ వచ్చాను.

నాన్న బాధకి ఇంకో పాత కారణం కూడా ఉంది. 1994లో రామారావు గారు హిందూపురంతో పాటు టెక్కలిలోనూ నిలబడ్డారు. "ముఖ్యమంత్రికి ఓటేసినాం" అని ఆయన తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు చోట్లా గెలిచి, హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలేశారు. 1985లో అయితే గుడివాడ, నల్గొండ కూడా గెలిచి, అప్పుడూ హిందూపురమే ఉంచుకున్నారు. తెలిసీ మేం ఆశపడ్డాం, అదీ అభిమానం అంటే. 1995 ఉప ఎన్నికలో మా పార్టీ నుంచే హనుమంతు అప్పయ్యదొర గారు గెలిచారు. కానీ ముఖ్యమంత్రి నియోజకవర్గం అన్న ముచ్చట మూణ్ణాళ్ళు కూడా లేదు. ఈ విషయంలో రామారావు గారి మీద మా నాన్న ఒక్క మాట కూడా అనరు. నేనంటాను. దేవుడైనా సరే, రెండు గుళ్ళలో ముడుపు కట్టించుకుని ఒక గుడి తలుపేసేస్తే భక్తుడికి కోపం రాదా?

నా లెక్కలో ఉప ఎన్నికలు రెండు రకాలు. చావు తెచ్చేవి, నాయకులు తెచ్చేవి. రెండో రకం మా జిల్లాకి కొత్త కాదు. 1967లో గౌతు లచ్చన్న గారు శ్రీకాకుళం ఎంపీ సీటు వదులుకుంటే ఆ ఉప ఎన్నికలో ఎన్జీ రంగా గారు గెలిచి లోక్‌సభకి వెళ్ళారు. గురువు కోసం శిష్యుడి త్యాగం అని మావాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్తారు. మొన్న టొరంటోలో ఉన్న నా బీటెక్ క్లాస్‌మేట్‌తో ఈ మాటంటే, "మా దగ్గరా అదే సీన్ బాసూ" అన్నాడు. 2025 ఏప్రిల్ ఎన్నికల్లో అక్కడి కన్జర్వేటివ్ నాయకుడు పియేర్ పొలియేవ్ తన సొంత సీటు ఓడిపోయాడు. ఆల్బర్టాలో బ్యాటిల్ రివర్-క్రోఫుట్ అనే చోట సొంత పార్టీ ఎంపీ ఒకాయన బంపర్ మెజారిటీతో గెలిచి ఉన్నాడు, ఆయన చేత రాజీనామా చేయించి, ఆగస్టు ఉప ఎన్నికలో అక్కడ నిలబడి గెలిచాడు. పోటీకి 200 మందికి పైగా నామినేషన్లు వేస్తే, బ్యాలెట్ మీద అన్ని పేర్లు పట్టక ఓటర్ల చేతే అభ్యర్థి పేరు రాయించారట! పేర్లు వేరు గానీ వంటకం ఒకటే. నాయకుడికి కుర్చీ కావాలి, ఊరు లేచి నిలబడాలి.

ఇక 2012 జూన్ చూడండి. అవిశ్వాసంలో విప్ ధిక్కరించి అనర్హులైన వాళ్ళవే ఎక్కువ సీట్లు, మొత్తం 18 అసెంబ్లీ స్థానాలకి ఒక్కసారే ఉప ఎన్నికలు. మా పక్కనున్న నరసన్నపేటలో ధర్మాన కృష్ణదాస్ గారు వైఎస్సార్ కాంగ్రెస్, ఆయన తమ్ముడు రామదాస్ గారు కాంగ్రెస్, ఇంకో తమ్ముడు ప్రసాదరావు గారు అదే కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి. ఏ ఫ్యానేసినా గాలి ఆ ఇంట్లోకే! కృష్ణదాస్ గారే గెలిచారు. ఆ 18లో మా పార్టీకి వచ్చింది గుండుసున్నా. అందుకే అప్పట్లో సానుభూతి మీద నాకు మరీ మంట.

కానీ మనలో మాట. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నికలో, భూమా నాగిరెడ్డి గారు పోయాక, వాళ్ళ అన్న కొడుకు బ్రహ్మానందరెడ్డి గారు మా పార్టీ నుంచి 27,456 ఓట్లతో గెలిచారు. నేనప్పుడు ఇంజినీరింగ్. హాస్టల్లో కేక్ కోసి ఒకరి మొహాన ఒకరం పూసుకున్నాం. ఆ రోజు సానుభూతి ఓటు దండగమారిదని నాకనిపించలేదు. అభివృద్ధికి పట్టం అన్నాను. మనకొస్తే అభివృద్ధి, పక్కోడికొస్తే ఏడుపు!

మళ్ళీ అమ్మ దగ్గరికి వస్తాను. ఎందుకేశావని అడిగాను. అమ్మ పుట్టిల్లు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. కొబ్బరి, జీడి తోటలు. ఆ పచ్చదనం చూసి కోనసీమ అనుకుంటారు కొత్తవాళ్ళు. ఆ ఊళ్ళలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రవేత్తలు ఇన్నేళ్ళయినా ఇదీ కారణం అని తేల్చలేకపోయారు. మా పెద్ద మావయ్య ఆ జబ్బుతోనే పోయాడు. విశాఖ తిప్పడానికి ముందు ఆవుని, తర్వాత తోటలో సగాన్ని అమ్మారు. అన్నీ అయిపోయాక మనిషి కూడా దక్కలేదు.

అమ్మ మాటల్లోనే చెప్తాను. "మీ మావయ్య పోయి ఏడాది తిరక్కుండా వొచ్చినాయి ఆ ఓట్లు. మీ అత్తకి అప్పటికి ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు గుంటలు. ఆ గుమ్మంలోకి ఒక్కడొచ్చినాడా? ఈ జెండావోడు గానీ ఆ జెండావోడు గానీ? ఈవిడ దండం పెట్టుకుంటా మన సందులోకి వొస్తే నాకు మా వొదినే అగుపించింది. అంతే, ఏసీసినాను."

"మరి ఆవిడ గెలిస్తే మీ వొదినకేటొచ్చింది?"

"ఏటీ రాలేదు. ఆయన గెలిస్తే మాత్రం ఏటొచ్చును?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఎన్నికలో ఎన్ని వాగ్దానాలు విన్నానో గుర్తు తెచ్చుకుంటే, కిడ్నీ అన్న మాట ఒక్క మైకులోనూ విన్నట్టు గుర్తులేదు. రెండేళ్ళు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న మా నియోజకవర్గంలోనే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. అప్పుడు ఎమ్మెల్యేది అధికార పార్టీయే. అధికార పార్టీకేస్తే పనులవుతాయి అన్న ఉప ఎన్నిక లాజిక్కు అక్కడ తుస్సుమంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి అత్తకి మిగిలిన ఆ సగం తోటా పడుకోబెట్టేసింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీళ్ళ పథకం ప్రారంభమయ్యాయి. ప్రారంభించింది జగన్ గారు. డయాలసిస్ వాళ్ళకి నెలకి 10 వేల పింఛను చేసిందీ ఆయన ప్రభుత్వమే. ఇది టైపు చేయడానికి నా వేళ్ళు కొంచెం మొరాయించాయి గానీ, నిజం నిజమే. ఇందులో ఏదీ ఉప ఎన్నిక వల్ల రాలేదు, ఏళ్ళ తరబడి జనం చచ్చిపోయి, అరిచి, పేపర్లకెక్కితే వచ్చింది.

మరి నా అభిప్రాయం మారిందా? సగం మారింది. సానుభూతి ఓటు వేసేవాళ్ళని తిట్టడం మానేశాను. ఎవరు గెలిచినా తనకేం రాదని తేల్చుకున్న మనిషి, ఆ ఓటుని కనీసం తనకి అర్థమయ్యే కష్టానికి ఇచ్చింది. అది తెలివితక్కువతనం కాదు. ఆ లెక్కని తప్పని నిరూపించాల్సింది పార్టీలు, మా పార్టీతో సహా. కానీ ఆ కష్టాన్ని ఫ్లెక్సీ మీద అచ్చేసి ఓటడిగే వాళ్ళని మాత్రం వదలను.

ఇంకోటి. చనిపోయిన వారి కుటుంబం మీద పోటీ పెట్టకపోవడం సంప్రదాయం, మర్యాద అంటారు. 2009 డిసెంబరులో పులివెందుల, 2014లో ఆళ్ళగడ్డ ఏకగ్రీవం. 2021లో బద్వేలు, 2022లో ఆత్మకూరు బరిలోంచి మా పార్టీయే తప్పుకుంది. నాకిది మర్యాదలా కనిపించదు. మర్యాద ఆ ఇంటికి, అన్యాయం ఊరికి. టెక్కలిలో మావాళ్ళు పోటీ పెట్టారు, ఓడారు. కానీ ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే వీలు మా అమ్మకి దక్కింది. పులివెందులలో ఏ అమ్మకీ ఆ రోజు ఆ పని పడలేదు. పోటీ ఉంటే సానుభూతి కూడా గ్యారంటీ కాదు. 2020లో దుబ్బాకలో సోలిపేట రామలింగారెడ్డి గారి భార్య సుజాత గారు 1,079 ఓట్లతో ఓడిపోయారు.

ఇక రెండు సీట్లలో నిలబడే సరదా ఉన్నవాళ్ళ సంగతి. దాన్ని ఆపండి, లేదా వదిలేసిన సీటు ఎన్నిక ఖర్చుకి వాళ్ళ చేతే డబ్బు కట్టించండి అని ఎన్నికల సంఘం 2004లోనే ప్రతిపాదించింది. ఇప్పటికీ చట్టం రెండు సీట్లకి ఒప్పుకుంటోంది. ఆ బిల్లు వస్తే మొదటి చప్పట్లు టెక్కలి నుంచే రావాలి.

నవంబరు 14న జూబ్లీహిల్స్ లెక్కింపు. నవీన్ యాదవ్ గెలిచారు. సగం మంది ఓటర్లు పోలింగుకే రాలేదు కాబట్టి ఎవరి సానుభూతి ఎవరికి పోయిందో తేల్చడం కష్టం. అమ్మ కాసేపు టీవీ చూసి, "పాపం, ఆ పిల్ల ఓడిపోయింది" అంది. తర్వాత అత్తకి ఫోన్ చేసి, కొబ్బరి రేటు ఎంతుందో అడిగి, చుక్కల మందు వాడుతున్నానని చెప్పింది.

నాన్నకి మాత్రం నేనింకా చెప్పలేదు. ఆయన కంప్యూటర్ ముట్టుకోరు, కాబట్టి అమ్మకొచ్చిన భయమేం లేదు. మీరెవరైనా టెక్కలి వెళ్తే కొట్లో సోడా తాగండి గానీ, ఈ ముక్క మాత్రం చెప్పకండే!